కాకినాడకు వెళ్లని పేజీ

ముమ్మిడివరం సెంటర్లో పొద్దున్నే కాకినాడ బస్సు ఎక్కేవాళ్లలో తెలిసిన మొహం కనబడితే మంగరాజు వాళ్ల చేతిలో చిల్లర పెట్టి, వచ్చేటప్పుడు కాకినాడలో తమ పేపరు ఒకటి కొనుక్కురమ్మంటాడు. అదే పేపరుకు ముమ్మిడివరంలో ఏజెంటు అతనే, విలేకరీ అతనే. ఆ మాట చెప్పే వేళకి ఆ రోజు పేపర్లు ఇంకా కొన్ని అతని బల్ల మీదే కట్టగా ఉంటాయి.

పక్కన టీకొట్టు భీమరాజుకు ఇదొక వేళాకోళం. "మన పేపరే కదండీ, కాకినాడలో కొంటే తియ్యగా ఉంటాదేంటండీ?" అంటాడు. మంగరాజు "ఆయ్, కొంచెం తీపే" అని ఊరుకుంటాడు. సాయంత్రానికి పేపరు వస్తుంది. మొదటి పేజీ చూడడు. జిల్లా అనుబంధం తీసి మధ్యలోకి తిప్పుతాడు. అక్కడ పేజీ నెత్తిన 'కాకినాడ' అని ఉంటుంది. ముమ్మిడివరంలో తను పంచిన పేపర్లో అదే చోట 'కోనసీమ' అని ఉంటుంది. మిగతా పేపరంతా ఒకటే. ఆ కాకినాడ పేజీలో తులసి పేరు ఎక్కడైనా ఉందేమోనని పై నుంచి కిందికి చూస్తాడు. ఉండదు. ఉండాలంటే రాయాల్సింది అతనే, అతను రాసింది ఆ పేజీలోకి వెళ్లదు. అయినా నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నాడు.

మంగరాజు తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. తోటలో కాయలు దింపి కుప్ప పోశాక కూలీలు చుట్టలు ముట్టించుకునే వేళ, పాత పేపరు ముక్క ఏది దొరికితే అది పైకి చదివి వినిపించడం చిన్నప్పుడు ఇతని పని. ఇంటర్మీడియట్ ఇంగ్లీషులో రెండుసార్లు తప్పాడు. మూడోసారి పరీక్ష కట్టలేదు. 1988లో పేపరు ఏజెన్సీ తీసుకున్నాడు. అప్పుడు ముమ్మిడివరం వార్తలు రాసేది హైస్కూల్లో తెలుగు మాస్టారు బాలగంగాధరం గారు. తరాలుగా వేదం చెప్పుకున్న ఇంట్లో పుట్టినాయన. ఆయన చేతిలో పశువైద్య శిబిరం కూడా మహాసభలా పలికేది. కొత్తపేట బదిలీ అయి వెళ్లేటప్పుడు రాసుకునే ప్యాడూ, వార్తలు పంపే కవర్లూ మంగరాజుకు ఇచ్చి, "నాకున్న భాష నీకు లేదు. మంచిదే. జరిగింది రాయి, చాలు" అన్నారు. మంగరాజు విలేకరి అయింది అలాగే. నియామకపు కాగితం అంటూ ఏదీ రాలేదు. మా వృత్తిలో మండల విలేకరికి అది రాదు.

జీతమూ ఉండదు. అచ్చయిన వార్తను స్కేలు పెట్టి కొలిచి, సెంటీమీటరుకు ఇంత అని కట్టి ఇస్తారు. దానితో ఎవరి ఇల్లూ గడవదు కాబట్టి మండల విలేకరుల్లో బీమా ఏజెంట్లు ఉంటారు, ఫొటో స్టూడియోల వాళ్లు ఉంటారు, ట్యూషన్లు చెప్పేవాళ్లు ఉంటారు. అయితే ఆ స్కేలు మాత్రం అందరి బుర్రల్లోనూ ఉండిపోతుంది. ఎంత వార్త పడిందని అడిగితే వేళ్లు ఎడంగా చాపి చూపిస్తారు. పెద్దగా పడితే బాగా పడినట్టు. ఆ లెక్క మంగరాజుకూ అబ్బింది.

1993లో అతను సెంటర్లో ఎస్టీడీ బూత్ పెట్టాడు. అప్పటికే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు ఇంటి పనికని కువైట్, మస్కట్ వెళుతున్నారు. వాళ్ల ఇళ్లలో ఫోన్లు లేవు. ఫోను మంగరాజు బూత్‌కు వచ్చేది. "పది నిమిషాలాగి మళ్లీ చెయ్యమ్మా" అని పెట్టేసి, భార్య హేమను బూత్‌లో కూర్చోబెట్టి, సైకిలు మీద వెళ్లి ఆ ఇంటివాళ్లను ఎక్కించుకొచ్చేవాడు. ఎవరింట్లో పెళ్లి కుదిరింది, ఎవరి చెరువులో రొయ్య చచ్చింది, ఎవరికి జీతం ఎగ్గొట్టారు, అన్నీ ఆ అద్దాల గది బయట నిలబడితే తెలిసేవి. అతని వార్తల్లో సగం ఆ సైకిలు మీద పుట్టినవే.

1996 నవంబరు తుపానుకు తీగలు తెగిపోయి, రోడ్లకు అడ్డంగా కొబ్బరిచెట్లు పడిపోయినప్పుడు, తను చూసింది రాసుకుని అమలాపురం నడిచి వెళ్లి ఇచ్చి వచ్చాడు. మొదటి పేజీలో పడింది, వేరే ఎవరి పేరుతోనో. దాని గురించి అతను మాట్లాడగా నేను వినలేదు. అతను మాట్లాడేది ఎప్పుడూ వీరవేణి గురించే.

వీరవేణిది ముమ్మిడివరం శివారు. మస్కట్‌లో పనికి వెళ్లి ఇరుక్కుపోయింది. 1998లో ఆమె తమ్ముడు వచ్చి ఏడిస్తే మంగరాజు పన్నెండు లైన్ల వార్త రాసి, కవర్లో పెట్టి బస్సుకిచ్చి పంపాడు. జిల్లా పేజీలో ఓ మూల పడింది. ఆ పేజీ అప్పట్లో తుని నుంచి రాజోలు దాకా ఒకటే. జిల్లా కేంద్రం కాకినాడలో పౌరసంబంధాల ఆఫీసు వాళ్లకు ఒక పని ఉంది. రోజూ పొద్దున్నే అన్ని పేపర్లూ ముందేసుకుని జిల్లా సమస్యల మీద వచ్చిన వార్తలు కత్తిరించి, తెల్లకాగితాలకు అంటించి కలెక్టరు బల్ల మీద పెడతారు. ఆయన చదివి అంచున రెండు ముక్కలు రాస్తారు. ఆ రెండు ముక్కలు రాసిన సాయంత్రానికి మండలంలోకి జీపు వస్తుంది. వీరవేణి వార్తకు మూడో రోజున జీపు వచ్చింది. ఆమెను పంపిన ఏజెంటును పిలిపించి కూర్చోబెట్టారు. ఆమె ఏ ఇంట్లో ఉందో ఆ అడ్రసు ఏజెంటు దగ్గర ఉంది. అది దొరికాక మిగతాది నడిచింది. నెలన్నరకు వీరవేణి ముమ్మిడివరం సెంటర్లో బస్సు దిగింది. బూత్‌కు వచ్చి, ఎదురుగా ఉన్న ఫోను వైపు కాసేపు చూసి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి చుట్టుపక్కల ఊళ్లలో అతను పేపరు మంగరాజుగారు. "పేపర్లో ఎయ్యండి" అనే మాటకు అక్కడ ఒక అర్థం ఏర్పడింది. పేపర్లో వేస్తే మనిషి వస్తుంది.

తులసి ఆ మాట నమ్మింది.

తులసి తల్లి లోవమ్మ రొయ్యల చెరువుల మీద కూలి చేస్తుంది. తుపానులో వాళ్ల ఇల్లు పోయింది. స్లాబు ఇల్లు కట్టుకోవాలని తులసి 2000లో రెండేళ్ల మాట మీద కువైట్ వెళ్లింది. పంపినవాడు రాజోలు వైపు ఏజెంటు, అంజిబాబు అంటారు. మొదటి ఏడాది నెలకోసారి ఫోను వచ్చేది. తర్వాత మూడు నెలలకు, తర్వాత పండగలకు. రెండేళ్లూ దాటిపోయాయి. 2003 మే నెలలో ఓ మధ్యాహ్నం బూత్‌లో ఫోను మోగింది.

"బాబాయిగారూ, తులసినండి."

మంగరాజు అలవాటుగా పది నిమిషాలాగి చెయ్యమన్నాడు, మీ అమ్మను తీసుకొస్తానన్నాడు.

"పది నిమిషాలు లేవండి. ఇది పక్కింటి డ్రైవరు ఫోను. నన్ను పంపట్లేదండి. అడిగితే కొడతన్నారు. బయట తాళం ఏస్తారు. ఇది ఏ ఊరో నాకు తెలవదు బాబాయిగారూ, మసీదు కనబడతాది, నీళ్ల ట్యాంకు కనబడతాది, అంతే. వీరవేణక్కకి ఏసినట్టు నాకూ పేపర్లో ఎయ్యండి."

ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. మంగరాజు లోవమ్మను పిలిపించి విన్నది విన్నట్టు చెప్పాడు. ఇద్దరూ రాజోలు వెళ్లి అంజిబాబును పట్టుకున్నారు. అతను కాఫీ తెప్పించాడు. పంపడం వరకే తన పని అన్నాడు. ఏ ఇల్లంటే గుర్తు లేదన్నాడు, కాగితాలు వెతకాలన్నాడు, ఎప్పుడు వెతుకుతారంటే చూద్దామండి అన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చారు, తీసుకున్నారు. వీరవేణి ఏజెంటు కూడా మొదట ఇలాగే మాట్లాడాడని మంగరాజుకు గుర్తుంది. అతని చేత కాగితాలు వెతికించింది కలెక్టరు రాసిన రెండు ముక్కలు. కాబట్టి చెయ్యాల్సింది అతనికి స్పష్టంగానే ఉంది.

వార్త రాసి బూత్ నుంచే రాజమండ్రి డెస్కుకు ఫ్యాక్స్ చేశాడు. సాయంత్రం డెస్కు నుంచి రామ్‌ప్రసాద్ ఫోను చేశాడు. జిల్లా అనుబంధం చూసే సబ్‌ఎడిటరు. మంగరాజు కంటే పదేళ్లు చిన్న. జర్నలిజం స్కూల్లో చదువుకున్నవాడు, పని తెలిసినవాడు, ఎవరినీ గారు లేకుండా పిలవడు.

"మంచి ఐటం పంపారు మంగరాజు గారూ. రెండు దారులున్నాయి. జిల్లా అంతటికీ వెళ్లే అనుబంధం మొదటి పేజీలో నాలుగు లైన్లు పోనిస్తాను, అంతకంటే చోటు లేదు. లేదంటే రెండు రోజులాగితే మీ కోనసీమ పేజీ మొదలవుతోంది. ఫొటో పంపండి, పేజీకి అదే పైన పెడతాను. సగం పేజీ వస్తుంది. ఏది చెయ్యమంటారు?"

అప్పటికి వారం కిందట మండల విలేకరులందరికీ ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. పాఠకుల కోరిక మేరకు జూన్ ఒకటి నుంచి కోనసీమకు ప్రత్యేక పేజీ అని అందులో ఉంది. జిల్లా పేపర్లో కోనసీమకని ఒక పేజీ కలుపుతున్నారని మంగరాజు అర్థం చేసుకున్నాడు. ఆ పేజీ అందరూ చూస్తారనుకున్నాడు. అతనే కాదు, అమలాపురం చుట్టూ ఉన్న విలేకరులు చాలామంది అలాగే అనుకున్నారు. తనకు వచ్చే పేపరే అందరికీ వెళుతుందని అనుకోకపోవడానికి ఎవరికీ కారణం లేదు.

లోవమ్మ బూత్‌లోనే ఉంది. మంగరాజు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి అడిగాడు. "ఫొటో ఎయ్యమనండి బాబూ. పేరు చదివితే ఎవరికి తెలుస్తాది, మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తాది" అంది. ఆమె చెప్పకపోయినా అతను అదే చెప్పేవాడు. నాలుగు లైన్లు కావాలా, సగం పేజీ కావాలా అంటే నాలుగు లైన్లు చాలనే మండల విలేకరి నాకు ముప్పై ఏళ్లలో తగల్లేదు.

"ఫొటోతోనే వెయ్యండి సార్" అన్నాడు.

మూడో రోజున పడింది. కోనసీమ పేజీ పైభాగం అంతా అదే. తులసి ఫొటో పాస్‌పోర్టు కోసం తీయించుకున్నది, గులాబీ రంగు చీర, వెనకాల నీలం తెర. కింద చిన్నగా లోవమ్మ, చేతిలో కొంగు. మంగరాజు పేపర్లు అదనంగా తెప్పించుకున్నాడు, అన్నీ పోయాయి. భీమరాజు టీకొట్టులో గోడకు అంటించాడు. రోడ్డున పోయేవాళ్లు ఆగి లోవమ్మను పలకరించారు. అమలాపురంలో డివిజన్ ఆఫీసు వాళ్లూ చూశారు. రెండు రోజుల్లో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి లోవమ్మ దగ్గర వివరాలు రాసుకుని, పై వాళ్లకు పంపుతామని చెప్పి వెళ్లాడు. మంచి మనిషే, చెప్పినట్టే పంపాడు కూడా. కానీ అది మామూలు దారిలో వెళ్లే కాగితం. మంగరాజు ఎదురుచూస్తున్నది జీపు కోసం.

మూడో రోజున జీపు రాలేదు. వారానికీ రాలేదు. పన్నెండు లైన్లకు కదిలినవాళ్లు సగం పేజీకి ఎందుకు కదల్లేదో అతనికి అర్థం కాలేదు. కలెక్టరు మారారు కదా, ఈయన పేపరు చదవరేమో అని యాకోబు అన్నాడు. యాకోబు మరో పేపరుకు ముమ్మిడివరం విలేకరి. ఫొటో స్టూడియో ఉంది. వార్తల దగ్గర ఇద్దరికీ పడదు, టీ దగ్గర పడుతుంది.

జూలైలో ఓ సోమవారం మంగరాజు లోవమ్మను వెంటపెట్టుకుని కాకినాడ వెళ్లాడు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఎదుర్లంక దగ్గర గోదావరి మీద వంతెన కట్టాక ప్రయాణం ఏమంత కాదు, ఏరు దాటించే పంటు కోసం కాచుకునే పని తప్పింది. లైన్లో నిలబడ్డారు. అర్జీ ఇచ్చారు. నంబరు వేసిన చీటీ ఇచ్చారు. అర్జీతోపాటు పేపరు ముక్క జతచేస్తే తీసుకున్నారు, దానికి నంబరు లేదు.

బయటికొచ్చి లోవమ్మను చెట్టు నీడన కూర్చోబెట్టి టీకొట్టు దగ్గరకు వెళ్లాడు. బల్ల మీద తమ పేపరు కనబడితే చెయ్యి ఊరుకోక అనుబంధం తిప్పాడు. ముందు రోజు ఐ.పోలవరం కాలవ గట్టు గురించి తను రాసిన వార్త పడిందా లేదా చూద్దామని. కోనసీమ పేజీ కనబడలేదు. మళ్లీ మొదట్నుంచి తిప్పాడు. పేజీ ఊడిపోయిందేమోనని కొట్టువాణ్ణి అడిగాడు.

"ఊడిపోలేదండి, ఉన్నదంతే. ఇక్కడ కాకినాడ పేజీ వస్తాదండి. మీ వైపుది మీ వైపే" అన్నాడు కొట్టువాడు. పేపరు పంచే కుర్రాళ్లకూ, టీకొట్టువాళ్లకూ తెలిసిన సంగతి అది.

మంగరాజు టీ తాగకుండానే పౌరసంబంధాల ఆఫీసుకు వెళ్లాడు. ముత్యాలరాజు అని పేపర్లు కత్తిరించే ఉద్యోగి ఉన్నాడు. విలేకరినని చెప్పగానే కుర్చీ వేశాడు. మంగరాజు సగం పేజీ తీసి చూపించాడు. ముత్యాలరాజు శ్రద్ధగా మొత్తం చదివాడు.

"పాపమండి. ఎప్పుడు పడిందండీ ఇది?"

"జూన్ ఒకటి."

"ఈ పేజీ మాకు రాదండి. మేం ఇక్కడికి వచ్చిన పేపరే కదండీ కోసేది. వస్తే ఆ రోజే పెట్టేద్దుం. ఇలాంటివి కలెక్టరుగారు చూస్తారండి, వెంటనే రాస్తారు."

"ఇప్పుడు పెట్టండి మరి."

"ఏ రోజుది ఆ రోజేనండి. జూన్ నెలది జూలైలో పెడితే ఇన్నాళ్లూ ఏం చేసేరని మమ్మల్నడుగుతారు. మళ్లీ ఒకసారి వేయించండి. చిన్నదైనా పర్లేదు, ఇక్కడ వచ్చే పేజీలో వేయించండి. నాలుగు లైన్లు చాలండి."

మంగరాజుకు ఆ తర్వాత చాలాకాలం ఆ నాలుగు లైన్ల మాట చెవిలో ఉండిపోయింది.

తిరుగు బస్సులో లోవమ్మకు అతను ఏమీ చెప్పలేదు. వంతెన మీద ఆమె అడిగింది, కలెక్టరుగారు తులసి ఫొటో చూసే ఉంటారంటారా అని. చూస్తారక్కా అన్నాడు. "సూత్తే ఊరుకోరు. కూతుళ్లున్నోరు ఎవరూ ఊరుకోరు" అని ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ సాయంత్రమే రామ్‌ప్రసాద్‌కు ఫోను చేశాడు. నాలుగు లైన్లు మొదటి పేజీలో వెయ్యమని అడిగాడు.

"అది వాడేసిన ఐటం కదండీ."

"కోనసీమలో వాడేరు సార్. కాకినాడలో వాడలేదు కదండీ."

"పాఠకుడి లెక్కలో రెండైనా ఆఫీసు లెక్కలో ఒకటేనండి. సగం పేజీ వేసినదాన్ని నెల తర్వాత నాలుగు లైన్లు వేస్తే నన్నేమంటారు? కాకినాడ పేజీలో పెడదామంటే ముమ్మిడివరం ఊరిపేరుతో అక్కడ వార్త పెట్టకూడదు. నేను గీసిన గీత కాదండి అది." మళ్లీ తనే అన్నాడు. "కొత్త పాయింట్ ఏదైనా ఉంటే పంపండి. జిల్లా అంతా వెళ్లే కామన్ పేజీకి అడుగుతాను, ప్రామిస్."

"కొత్త పాయింటంటే ఏముంటాది సార్?"

"ఆవిడ తిరిగొచ్చిందనుకోండి, అది పెద్ద వార్త. లేదా…"

రామ్‌ప్రసాద్ అక్కడ ఆగిపోయాడు. అధికారులు కదిలితే కొత్త పాయింట్ వస్తుంది, కొత్త పాయింట్ వస్తే అధికారులు చూసే పేజీలో పడుతుంది. ఈ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

అప్పుడు మంగరాజు సిగ్గు విడిచి యాకోబు స్టూడియోకు వెళ్లాడు. సాటి విలేకరి వాడేసిన వార్త అడుక్కోవడం ఒక అవమానం, తనది తీసుకెళ్లి ఇవ్వడం ఇంకోటి. యాకోబు మొదట నమ్మలేదు. "ఏంటండోయ్, మీ పేపరు మూసేసేరేంటి, నా దగ్గరకొచ్చేరు?" అన్నాడు. విన్నాక ఫొటో తీసుకున్నాడు. తన డెస్కుతో గొడవపడి మరీ వేయించాడు. వేసే వేళకి ఆ పేపరు కూడా జిల్లాను పేజీలుగా ముక్కలు చేసింది. యాకోబు రాసింది కూడా కోనసీమ పేజీలోనే పడింది, మంగరాజు దానికంటే రెండు వేళ్లు పెద్దగా.

ఇంక మిగిలిన దారి కాకినాడలోనే వార్త పుట్టించడం. ఆ ఆలోచన రామ్‌ప్రసాద్‌దే. లోవమ్మ కలెక్టరేట్ ముందు కూర్చుంటే ఆ వార్త ఊరిపేరు కాకినాడ అవుతుంది, కాకినాడ పేజీలో పడుతుంది, మర్నాడు పొద్దున్నే ముత్యాలరాజు కత్తిరిస్తాడు. ఆగస్టులో ఓ సోమవారం లోవమ్మ కూతురి ఫొటో మెడలో వేసుకుని గేటు పక్కన కూర్చుంది. మంగరాజు పక్కన నిలబడ్డాడు గానీ రాయడం అతని చేతిలో లేదు. కాకినాడ వార్త కాకినాడ విలేకరి రాయాలి. అతనికి ఆ రోజు నాలుగు ఊరేగింపులు, ఒక మంత్రిగారి పర్యటన. వచ్చాడు, వివరాలు అడిగాడు, రాసుకున్నాడు, మంగరాజు భుజం తట్టి వెళ్లాడు.

కాకినాడ పేపరు తెప్పించుకోవడం మర్నాటి నుంచే మొదలైంది. 'అర్జీల వెల్లువ' అని ఒక వార్త వచ్చింది. పింఛన్లు, రేషను కార్డులు, ఇళ్ల పట్టాలు, అన్నీ అయ్యాక చివరి వాక్యం ఇది: ముమ్మిడివరానికి చెందిన ఒక మహిళ కూడా తన సమస్యను వివరించింది. పేరు లేదు, ఏ సమస్యో లేదు. కత్తిరించడానికి అందులో ఏమీ లేదు. లోవమ్మకు చదువు రాదు. పడిందా అని అడిగింది. పడిందన్నాడు. అది అబద్ధం కాదు.

2004 ఎన్నికలప్పుడు అన్ని పార్టీలవాళ్లూ వచ్చి పేపరు కటింగులు తీసుకెళ్లారు. అదే ఏడు రంజాన్ నెలలో తులసి మళ్లీ ఫోను చేసింది. ఈసారి లోవమ్మ దగ్గరలోనే ఉంది, టీకొట్టు దగ్గర. భీమరాజు కేకేస్తే పరిగెత్తుకొచ్చింది. తల్లీకూతుళ్లు మాట్లాడింది తక్కువ, ఏడ్చింది ఎక్కువ. చివర్లో తులసి బాబాయిగారికి ఇమ్మంది.

"పేపర్లో ఏసేరా బాబాయిగారూ?"

"వేసేమమ్మా. ఫొటోతో వేసేం. సగం పేజీ."



"మరి?" అంది తులసి.

ఈ మాట చెప్పేటప్పుడు మంగరాజు అక్కడే ఆగుతాడు. తను ఏం జవాబు చెప్పాడో చెప్పడు. హేమను అడిగితే, ఏమీ చెప్పలేదండి, అలా ఫోను పట్టుకుని నిలబడిపోయేరు, లైను కట్టయ్యేదాకా, అంది.

ఆ తర్వాత తులసి రెండుసార్లు చేసింది. రెండోది 2006లో. అంజిబాబు ఆ మధ్యలో తనే మస్కట్ వెళ్లిపోయాడు. అర్జీ సంగతి అడిగితే పరిశీలనలో ఉందని కార్డు వచ్చింది. ఊళ్లో అందరికీ సెల్‌ఫోన్లు వచ్చాయి. గల్ఫ్ నుంచి ఇప్పుడు నేరుగా ఇంటికే చేస్తున్నారు. సెంటర్లో ఉన్న బూత్‌లన్నీ సెల్‌ఫోన్ రీచార్జి కొట్లయ్యాయి. మంగరాజు కూడా అద్దాల గది పీకించి జిరాక్సు మెషీను పెట్టాడు. ఫోను మాత్రం తియ్యలేదు. అద్దం లేని చోట, గోడకు కొట్టిన చెక్క మీద ఉంది. తులసి దగ్గర ఉన్నది ఆ ఒక్క నంబరే. దాన్ని తీయించేద్దామని హేమ కూడా ఎప్పుడూ అనలేదు.

విలేకరి పని కూడా మారింది. ఫ్యాక్స్ పోయింది, వార్త కంప్యూటర్లో కొట్టి పంపాలన్నారు. మంగరాజు ఒక వేలితో నేర్చుకున్నాడు. టీవీ చానళ్లు వచ్చాయి, ఒక చానల్‌కు యాకోబు వెళ్లాడు. తులసి గురించి ఆ చానల్లో చెప్పించాలని చూశాడు. అమ్మాయి మాట్లాడిన గొంతు రికార్డు ఏమైనా ఉందా అని అడిగారట. లేదు. ఆడవాళ్ల దినోత్సవమనో, అమలాపురంలో గల్ఫ్ బాధితుల సభ అనో, ఏదో ఒక వంక దొరికినప్పుడల్లా మంగరాజు తులసి వార్త మళ్లీ రాస్తాడు. రామ్‌ప్రసాద్ కాదనకుండా వేస్తాడు. ఇప్పటికి నాలుగుసార్లు పడింది, ప్రతిసారీ ఫొటోతో, ప్రతిసారీ కోనసీమ పేజీలో. అదే ఫొటో, అదే గులాబీ చీర. కోనసీమలో తులసిని గుర్తుపట్టని వాళ్లు తక్కువ. ఆమె ఎక్కడుందో కనుక్కోగలిగినవాళ్లు ఆ ఫొటో ఒక్కసారి కూడా చూడలేదు.

మొన్న నేను వెళ్లినప్పుడు ఆఫీసు నుంచి వచ్చిన కొత్త కాగితం చూపించాడు. ఇదివరకటిలా కాక ఈసారి రెండుసార్లు ఫోను చేసి వివరంగా కనుక్కున్నాడట. వచ్చే నెల ఒకటి నుంచి కోనసీమ పేజీ ఉండదు. పాఠకుల కోరిక మేరకు నియోజకవర్గానికో పేజీ వస్తుంది. ముమ్మిడివరం పేజీ ముమ్మిడివరం నియోజకవర్గానికే, అమలాపురం కూడా వెళ్లదు. మొదటి రోజు పేజీ పైన పెట్టడానికి మంచి వార్త ఉంటే పంపమని రామ్‌ప్రసాద్ అడిగాడు. మంగరాజు తులసిది పంపాడు. ముప్పావు పేజీ ఇస్తానన్నాడట రామ్‌ప్రసాద్.

ఆ పేజీ ఎన్ని కాపీలు వేస్తారని అడిగాను. అదీ కనుక్కున్నాడు. ఐదు వేల ఆరు వందలు.